మాస్టర్‌కు రాని భాష

శనివారం పొద్దున తొమ్మిదికి మాలిని చిన్న గిన్నెలో నీళ్లు మరగబెట్టి కూతురి ట్రంపెట్ మౌత్‌పీస్‌ను అందులో వేసింది. పది గంటలకు అంతోని మాస్టర్ వస్తాడు. ఆయన రాకముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి ఆ ఇత్తడి మూతిని మరిగే నీళ్లలో వేయడం మూడు నెలలుగా ఆ ఇంట్లో ఆచారమైపోయింది. దానికని ఒక గిన్నెను వేరే పెట్టింది కూడా. అందులో పాలు కాచరు, పులుసు కాచరు.

హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు తంగమ్మాళ్ గది తలుపు వైపు చూసింది.

"ఏమే మాలిని, పాప ఇంకా లేవలేదా? వారంగా ఆ బూర చప్పుడే వినబడలేదు. నా చెవులకి సుఖమే అనుకో."

"స్కూల్ డే దగ్గరికొచ్చింది కదా అత్తా, భయపడుతుండాది. మాస్టర్ వస్తే సరైపోతుంది."

స్కూలు పెట్టి పాతికేళ్లయిన సందర్భంగా పదిహేను రోజుల్లో పెద్ద సభ ఉంది. తెర లేచేముందు స్టేజీ మీద కార్తీక ఒక్కతే నిలబడి ట్రంపెట్ ఊదాలి. ఆరువందల మంది పిల్లల్లో ఆ పదమూడేళ్ల పిల్లను ఎంపిక చేశారు. సింగానల్లూరులో తెలిసినవాళ్లందరికీ మాలిని ఈ సంగతి చెప్పేసింది, తెలియనివాళ్లకు కూడా కొందరికి చెప్పింది.

అసలు మాస్టర్ దొరకడమే గగనమైంది. కోయంబత్తూరులో గిటారు నేర్పేవాళ్లు వీధికి ముగ్గురు, కీబోర్డు నేర్పేవాళ్లు ఇంటికి ఒకరు. ట్రంపెట్ అంటే మాత్రం అందరూ ఫోన్లో ఒక నిమిషం ఆగి, "వయొలిన్ నేర్పమా మేడం?" అని అడిగారు. ఒకాయన చెన్నై నుంచి ఆన్‌లైన్లో చెబుతానన్నాడు గానీ, పిల్ల పెదాలు ఎలా పెట్టిందో ఆయనకు తెరమీద కనబడలేదు. ఆఖరికి టౌన్‌లో వాద్యాలు అమ్మే కొట్టాయన ఒక నంబరు రాసిచ్చాడు. సూలూరులో ఉంటాడు, చర్చిలో వాయిస్తాడు, పెళ్లిళ్లకూ సావులకూ బ్యాండులో పోతాడు, పిల్లలకు ఓపికగా నేర్పుతాడు అన్నాడు. ఆ సావుల మాట దగ్గర మాలిని కాస్త తటపటాయించింది. వేరే దారి లేక రమ్మంది.

వచ్చాక మాత్రం ఆమెకు వంకపెట్టడానికి ఏమీ దొరకలేదు. ఆయన మోపెడ్ సరిగ్గా పదికి గేటు దగ్గర ఆగేది. కాఫీ ఇస్తే కడుపు బాగాలేదని తాగేవాడు కాదు. రెండో వారం నుంచి నీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకునేవాడు. తన మౌత్‌పీస్ కూడా రుమాలులో చుట్టి జేబులో పెట్టుకుని వచ్చేవాడు. చేసి చూపించాలంటే పాపది తీసి పక్కన పెట్టి, తనది బిగించి ఊది, మళ్లీ తీసేసేవాడు. "ఎంత సుబ్బరమైన మనిషో చూడండి" అని భర్త ముకుంద్‌తో మాలిని రెండు మూడుసార్లు మెచ్చుకుంది కూడా.

మెచ్చుకున్నది తెలుగులోనే, ఆయన ఎదుటే. ఆ ఇంట్లో తెలుగు అంటే అంతే. తెలుగు నేల నుంచి వచ్చి మూడొందల ఏళ్లంటారు గానీ, ఎన్ని తరాలో ఎవరికీ లెక్క తెలియదు. చదివింది తమిళంలో, ముకుంద్ పంపుసెట్ల కొట్టు నడిపేది తమిళంలో. తెలుగులో తన పేరు రాయమంటే ముకుంద్ తల గోక్కుంటాడు. కానీ బయటివాళ్ల ముందు లోపలి మాట చెప్పుకోవడానికి ఆ భాషను మించింది లేదు. చీరల కొట్లో అమ్మేవాడి మొహంలోకి నవ్వుతూ చూస్తూనే, "చానా ఎక్కువ చెప్తుండాడు, లేయండి పోదాం" అనుకోవచ్చు. మూడొందల ఏళ్లు కాపాడుకున్న భాషను వాళ్లు ఎక్కువగా వాడుకున్నది ఇలాంటి పనులకే.

పది దాటింది. పదిన్నర అయింది. మోపెడ్ రాలేదు. మాలిని ఫోన్ చేసింది. ఎప్పటిలాగే మెల్లగా, మర్యాదగా అంతోని తమిళంలో చెప్పాడు. ఒంట్లో బాగాలేదట, ఇకమీద రావడం కుదరదట, పాపకు వేరే మాస్టర్‌ను చూసుకోమన్నాడు. కారణం అడిగేలోపు "వెచ్చిడ్రేన్‌మా" అని, పెట్టేస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

"ఏమంట?" అన్నాడు ముకుంద్, పేపరు మడుస్తూ.

"ఇంక రాడంట. పదిహేను దినాల్లో స్కూల్ డే పెట్టుకొని ఎవురన్నా ఇట్ల చేస్తారా? అంత మర్యాదగా చూసుకుంటిమి కదా."

తంగమ్మాళ్ చిక్కుడు తొక్కలు ఒకవైపుకు నెట్టింది. "నేను అప్పుడే చెప్తిని. సావుకి ఊదే ఆళ్లు. యాడో పెద్ద సావు పడింటాది, పోయింటాడు."

గది తలుపు తెరుచుకుంది. కార్తీక రాత్రి బట్టల్లోనే గడప మీద నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అవ్వా, ఆ మాట ఇంకొక తూరి చెప్పొద్దు."

"ఏల కన్నా? ఉండేది చెప్తే కోపమా?"

"మాస్టర్‌కి తెలుగు వస్తుంది."

మాలినికి ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక వెంటనే నమ్మలేదు.

"ఏమి చెప్తుండావు? ఆయన అంతోని. తమిళాయన."

"వాళ్లింట్లో తెలుగే మాట్లాడుతారమ్మా. వాళ్ల అమ్మ, వాళ్ల అవ్వ, అందరూ. మాస్టర్ మూడోతూరి వచ్చిన దినం నేను ఒక లైను తప్పు లేకుండా ఊదితే, 'బాగుండాది బిడ్డా' అన్నారు. నోరు జారి అనేసినారు. నేను పట్టుకొని అడిగితిని."

"అయితే మాకేల చెప్పలేదు నువ్వు?"

"చెప్పొద్దన్నారు."

"అదే ఏల అని అడుగుతుండా."

కార్తీక తల్లి మొహంలోకి చూడలేక కిందికి చూసింది. "'మీ అమ్మకి తెలిస్తే సిగ్గు పడుతుంది పాపా, వద్దు' అన్నారు."

మాలిని సోఫా చేయి పట్టుకుని కూర్చుంది. మొదటి శనివారం అంతా కళ్ల ముందుకు వచ్చింది. ఆ రోజు అంతోని తెల్ల చొక్కా వేసుకుని, నుదుటి చెమట తుడుచుకుంటూ ఇదే సోఫా అంచున కూర్చున్నాడు. పాప ట్రంపెట్ తీసుకుని సరిగా పలుకుతుందో లేదో చూడడానికి ఒక్కసారి ఊదాడు. ఊది, పాపకు అందించబోయాడు. అప్పుడు మాలిని నవ్వుతూ, ఏదో కాఫీ సంగతి మాట్లాడుతున్నట్టు మొహం పెట్టుకుని తెలుగులో అంది.

"ఏమండీ, ఆ మనిషి నోరు పెట్టిందాన్ని అట్లే పాప నోట్లో పెట్టనీకండి. ఏ ఆళ్ల ఎంగిలో ఏమో. అత్తా, వేడినీళ్లు పెట్టండి. కాపీ ఇచ్చేదుంటే ఆ బయట టంబ్లర్లో ఇవ్వండి."

ముకుంద్ నవ్వాడు. తంగమ్మాళ్ లేచి బాల్కనీలో పనిమనిషికి పెట్టిన టంబ్లరు తీసింది. ట్రంపెట్ పట్టుకున్న అంతోని చేయి గాలిలోనే ఒక క్షణం ఆగింది. ఆ చేయి ఆగడం మాలిని చూసింది. ఎందుకు ఆగిందో మాత్రం మూడు నెలల దాకా ఆమెకు తట్టలేదు.

కడుపు బాగాలేదన్నది అందుకే. నీళ్ల సీసా అందుకే, రుమాలులో చుట్టిన మౌత్‌పీస్ అందుకే. ఎంత సుబ్బరమైన మనిషో అని తను మెచ్చుకుంటూ వచ్చింది దేన్నో తలుచుకునేసరికి ఆమెకు చెవులు వేడెక్కాయి.

"పోయిన వారం కూడా..." అని గొణిగింది.

"ఆమా. పోయిన వారం కూడా," అంది కార్తీక. "స్కూల్ డేకి మాస్టర్‌ని పిలుస్తామా అని నేను అడిగితిని. ఆయన ముందరే నువ్వు నాన్నతో ఏమి చెప్తివి? 'సావుకి ఊదే ఆయప్పని ఎవురన్నా గుర్తుపడితే మన మొహం యాడ పెట్టుకునేది? ఆన్‌లైన్లో నేర్చుకునింది అని చెప్తాము' అంటివి. ఆయన నా పుస్తకంలో నోట్స్ రాస్తుండినారమ్మా. రాసేది ఆపలేదు."

తంగమ్మాళ్ ఇంకో చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుంది. "అయితే కానీలే. వాళ్ల తెలుగు వేరే, మన తెలుగు వేరే."

"ఎంగిలి అంటే రెండిట్లోనూ ఒకటే అర్థం అవ్వా."

ముసలామె చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఆ ఇంట్లో అందరికీ నేర్పింది ఆమే. ఇప్పుడు ఆమెకే తీసుకోవడానికి దారి కనబడలేదు.

ముకుంద్ పేపరు పక్కన పెట్టాడు. "ఆ దినం నేను నవ్వితిని," అన్నాడు ఎవరినీ చూడకుండా. "ఫోన్ చేసి సారీ చెప్పేయి మాలిని. నేను కూడా చెప్తాను," అన్నాడు.

"ఆయన ఎదురుగా కూర్చునుంటే చెప్తిని ఆ మాట. ఫోన్లో ఎట్ల తీసుకునేది?" మాలిని లేచింది. "పాపా, బట్టలు మార్చుకో. ట్రంపెట్ తీసుకో."

తల్లీకూతుళ్లు స్కూటర్ మీద బయల్దేరారు. సూలూరులో మెయిన్ రోడ్డు దాటి, మగ్గాల షెడ్ల వెనక సందులోకి మలుపు తిరిగేటప్పుడు కార్తీక అడిగింది. "అమ్మా, దాంట్లో నేను కూడా ఊదుతాను కదా. ఉమ్ము నాది కూడా పడుతుంది కదా. నాది ఎంగిలి కాదా?" తల్లి భుజాలు కదలడం చూసి ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు.

రేకుల వరండా ఉన్న చిన్న ఇల్లది. తలుపు తీసే ఉంది. గడప దాకా వచ్చేసరికి లోపలి మాటలు వినబడ్డాయి.

"ఏమే జెబా, ఆ నూనె సీసా యాడ పెడితివి? వాల్వులు పట్టుకుంటుండాయి."

"కిటికీలో సూడు. కండ్ల ముందర ఉండేది నీకు ఎప్పుడు కనబడింది గనక."

మాలిని గడప బయటే నిలబడిపోయింది. అది తన అమ్మమ్మ తెలుగు. అమ్మమ్మ పోయాక ఆ 'సూడు', ఆ 'గనక' ఆమె మళ్లీ ఇవాళే విన్నది.

అంతోని భార్య జెబమలర్ బయటికి వచ్చి, మనిషిని చూసి, వెంటనే తమిళంలోకి మారిపోయింది. "వాంగ," అంది. రమ్మన్న ఆ పిలుపులో ఆదరంగానీ కోపంగానీ లేదు. వెనకే అంతోని వచ్చాడు. చేతిలో తన పాత ట్రంపెట్, భుజాన తువ్వాలు. ఒంట్లో బాగాలేదన్నది అబద్ధమని తెలిసిపోయినందుకు ఆయనే సిగ్గుపడ్డట్టు కనబడ్డాడు.

"మన్నిచ్చిడుంగ మాస్టర్," అని మాలిని తమిళంలో మన్నించమంది. దారంతా కూడగట్టుకున్న మాట అది.

"పరవాయిల్లమ్మా. అదెల్లాం ఎదుక్కు," అన్నాడు అంతోని, అవన్నీ ఎందుకన్నట్టు. బస్సులో కాలు తొక్కినవాళ్లకు చెప్పే మాట అలాగే ఉంటుంది. అక్కడితో అయిపోయినట్టు ఆయన కుర్చీ లాగి పాపను కూర్చోమన్నాడు.

అయిపోలేదని మాలినికి తెలుసు. అన్నది తెలుగులో, తీసుకుంటున్నది తమిళంలో. అప్పుడు ఇంట్లో మాట్లాడే తెలుగులో ఆ మాట కోసం వెతికింది. టీవీలో వినే 'క్షమించండి' ఉంది గానీ, అది తన నోట ఎన్నడూ పలకలేదు. అమ్మమ్మ అనగా వినలేదు, అత్త అనగా వినలేదు. మూడొందల ఏళ్లలో తమ ఇళ్లలో ఆ మాట అవసరం ఎవరికీ పడలేదా అనిపించింది. పడే ఉంటుంది, ఎవరూ వాడి ఉండరు.

"అన్నా," అంది చివరికి తెలుగులో. "తప్పు చేస్తిని. మీ మొహం చూసి నవ్వుతా ఆ మాట అంటిని. మీకు తెలుగు తెలుసని కాదు, తెలీకపోయినా అనకూడని మాట అది. పోయిన వారం ఇంకొకటి అంటిని. నాకు ఎట్ల చెప్పాలో తెలీలేదు అన్నా. తప్పు నాది."

అంతోని ట్రంపెట్ బల్ల మీద పెట్టాడు. జవాబు జెబమలర్ నుంచి వచ్చింది, తెలుగులోనే.

"ఆ దినం ఇంటికొచ్చి మౌత్‌పీస్‌ని చింతపండేసి తోముతానే ఉండినాడమ్మా. పొద్దుపోయేదాకా తోమినాడు. దాని తరవాత నా దగ్గరికొచ్చి, నా నోరు వాసన వస్తుందా జెబా అని అడిగినాడు. ముప్పై ఏండ్లు కాపురం చేస్తిని, ఎప్పుడూ అడగని మాట."

"ఇడువు జెబా," అన్నాడు అంతోని.

"ఇడిస్తినే, మూడు నెలలు."

మాలిని దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వస్తోందని కాదు, ఆ నోరు ఎవరికీ కనబడకూడదనిపించింది.

అంతోని వీధి వైపు చూశాడు. "ఆ దినం మీ మెట్లు ఎక్కేటప్పుడే మీ అత్తమ్మ గొంతు వింటిని," అన్నాడు. ఆయన ఆమెతో తెలుగులో మాట్లాడడం అదే మొదటిసారి. "ఆహా, మన మాటే అనుకుంటిని. ఊళ్లో ఇంత పెద్ద ఇండ్లలో మన మాట వినేది అరుదు కదమ్మా. చానా సంతోషమాయె. మేము కూడా తెలుగోళ్లమే అని చెప్పేదానికి నోరు తెరిస్తిని. అంతలో మీరు ఆ మాట అంటిరి. తెరిచిన నోరు మూసుకుంటిని. తరవాత ఎప్పుడు చెప్పినా మిమ్మల్ని కొట్టినట్లే అయ్యేది. అందుకని చెప్పలే."

"కొట్టుంటే బాగుండు అన్నా."

"నేర్పేదానికి వచ్చిన ఇంట్లో కొడతారా ఎవురన్నా?" అని, కార్తీక వైపు తిరిగాడు. "బిడ్డ మీద నాకేమీ లేదు. నేర్పుతాను. మీ ఇంటికి మాత్రం రాను. బిడ్డే ఇక్కడికి రావాల."

"వస్తుంది. నేనే తోడుకొని వస్తాను."

"మాస్టర్, స్కూల్ డేకి మీరు, ఆంటీ ఇద్దరూ ముందు వరసలో కూర్చోవాల," అంది కార్తీక. "లేకుంటే నేను ఊదను."

"అది తరవాత చూద్దాం. వారంగా ఊదలేదు కదా, పెదాలు బండబారి ఉంటాయి. తియ్యి ముందు."

కార్తీక పెట్టె తెరిచింది. ట్రంపెట్ ఉంది. మౌత్‌పీస్ ఉండాల్సిన గుంట ఖాళీగా ఉంది. పిల్ల తల్లి వైపు చూసింది. అది ఎక్కడుందో మాలినికి గుర్తొచ్చింది. ఇంట్లో, పొయ్యి పక్కన, ఆ వేరే గిన్నెలో, ఈపాటికి చల్లారిపోయిన నీళ్లలో ఉంది. ఆ సంగతి పైకి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. చెప్పకుండానే అంతోనికి అర్థమైంది.

ఆయన చొక్కా జేబులోంచి రుమాలు తీసి మడత విప్పాడు. కార్తీక చేయి చాచింది. ఆయన ఇవ్వలేదు.

"జెబా, వేడినీళ్లు పెట్టు."

"వద్దన్నా," అంది మాలిని తొందరగా. "అట్లే ఇవ్వండి బిడ్డకి. ఏమీ కాదు."

"అట్లే ఇస్తే మీ మనసుకి బాగుంటుంది," అన్నాడు అంతోని. "బిడ్డకి బాగుండదు. ఇది నోటి వాద్యం. రాజు ఊదినా కడిగే ఇంకొకరికి ఇవ్వాల. నేను పిల్లలకి నేర్పే మొదటి పాఠం అదే. మీ ఇంట్లో కూడా ఊదినాక, ఇచ్చేముందర జేబులో నుంచి గుడ్డ తీయబోతిని. మీరు చూడలేదు. కడగమనేది తప్పు కాదమ్మా. ఆ దినం మీరు కడగమనింది దీన్ని కాదు."

మాలిని చేయి చాపింది. "ఇట్ల ఇవ్వండి అన్నా. నేను కడుగుతాను."

ఆయన ఒక క్షణం ఆలోచించి ఆమె అరచేతిలో పెట్టాడు. జేబులో ఉండి ఉండి అది ఇంకా వెచ్చగానే ఉంది. అంచున వెండి పూత అరిగి లోపలి ఇత్తడి బయటపడింది. వంటింటి గడప దగ్గర మాలిని ఆగిపోయింది. లోపలికి రమ్మంటారో లేదో ఆమెకు తెలియదు. అలా గడప దగ్గర ఆగి అడగవలసి రావడం ఆమెకు జన్మలో మొదటిసారి.

"అక్కా, లోపలికి రానా?"

జెబమలర్ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

నీళ్లు వాళ్లు అన్నం వార్చే గిన్నెలోనే కాగాయి. వేరే గిన్నె తీయలేదు. మాలిని మౌత్‌పీస్‌ను అందులో ముంచి తీసి, వేలితో లోపలంతా రుద్ది, కొళాయి కింద పట్టింది. ఎంతసేపు కడిగిందో ఆమెకే తెలియదు. వెనక నుంచి జెబమలర్ ఒక ఉతికిన గుడ్డ అందించింది.

"చాలమ్మా," అంది. "అది ఎప్పుడో సుబ్బరమైపోయింది."

అప్పుడు మాలినికి ఏడుపు ఆగలేదు. ఆ గుడ్డతో మౌత్‌పీస్ తుడవాలో కళ్లు తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడింది. జెబమలర్ ఆమె చేతిలోంచి మౌత్‌పీస్ తీసుకుని, తన కొంగుతో తుడిచి, వరండాలోకి వెళ్లి పాపకు ఇచ్చింది.

కార్తీక నిటారుగా నిలబడి ట్రంపెట్ ఎత్తింది. మూడు నెలలూ సింగానల్లూరు ఇంట్లో అంతోని వన్, టూ, త్రీ, ఫోర్ అనే లెక్కపెట్టాడు. తెలుగు ముక్క ఒక్కటి ఆయన నోటి నుంచి మాలిని వినలేదు. ఇప్పుడు ఆయన కాలితో నేల మీద తాళం వేస్తూ, సందులోకి వినబడేంత గట్టిగా మొదలుపెట్టాడు.

"ఒగటి, రెండు, మూడు, నాలుగు. ఊదు బిడ్డా."

వంటింట్లో మాలిని ఆ అంకెలు విని, తడి గుడ్డ గుండెకు పట్టుకుని, నేల మీద కూర్చుండిపోయింది.